వంటా వార్పు నాటి చీటీ పాట

నేను సర్కారు బడిలో కొత్త టీచరుగా చేరేనాటికి నాకు నలభై ఆరేళ్లు. నవ్వకండి. సెలక్షన్ లిస్టులో పేరు వచ్చింది ముప్పైల్లోనే. ఆ లిస్టు మీద ఎవరో కోర్టుకు వెళ్లారు, వాళ్ల మీద ఇంకెవరో వెళ్లారు. నేను మాత్రం తార్నాకలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ కూర్చున్నాను. ఎవరిని అడిగినా ఒకటే మాట, "ఆగండి మేడం, వస్తుంది." పదేళ్లకు పైగా ఆగాను. ఆగమనే మాట వింటే నాకు ఒళ్లు మండడం అప్పుడు మొదలైంది. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నా దగ్గరికొచ్చి, మొదటి జీతం నుంచే ఎలా దాచుకోవాలి మేడం అని అడుగుతున్నారు. రిటైరయినవాళ్లకు అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. నాకు తెలిసింది ఒక్క చీటీ సంగతే. అది కూడా సరిగ్గా తెలియలేదని చివర్లో మీకే అర్థమవుతుంది.

మొదటి నెల జీతం కాగితం మీద చూసి కళ్లు చెదిరాయి. ప్రైవేటు స్కూల్లో ఇచ్చేదానికి నాలుగింతలు. చేతికొచ్చేసరికి ఇన్సూరెన్సు కోత, కొత్త పెన్షన్ పద్ధతి కోత, వృత్తి పన్ను, అన్నీ పోయి మూడింతలయింది. అయినా మహారాణిలా నడిచి ఇంటికొచ్చాను. అదే ఏడాది మా అమ్మాయికి ఒక ప్రైవేటు కాలేజీలో ఫార్మసీ సీటు వచ్చింది. నేను ప్రైవేటు టీచరుగానే ఉంటే ఆదాయ ధ్రువపత్రం చూపించి సర్కారు చేత ఫీజు కట్టించుకునేవాళ్లం. ఇప్పుడు నేనే సర్కారు మనిషిని, కాబట్టి మొత్తం మేమే కట్టాలి. ఉద్యోగం లేనప్పుడు చదివించగలిగి, వచ్చాక చదివించలేక తంటాలు పడిన కుటుంబం మాది.

మావారికి యూనివర్సిటీ గేటుకు దగ్గర్లో చిన్న టైపింగు, జిరాక్సు దుకాణం ఉండేది. పరిశోధక విద్యార్థుల థీసిస్‌లే ఆయనకు ఆధారం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్నాక క్యాంపస్‌లో ఈరోజు ర్యాలీ, రేపు బంద్, ఎల్లుండి బాష్పవాయువు. థీసిస్ రాయాల్సిన పిల్లలు రోడ్డు మీద ఉన్నారు. దుకాణం షట్టర్ సగం పైకి, సగం కిందికి అన్నట్టుండేది.

మా నాన్నగారిది అనంతపురం వైపు. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా వచ్చి, క్యాంపస్ క్వార్టర్లలోనే మమ్మల్ని పెంచారు. ఒకటో తారీఖున ఆఫీసు మెట్ల దగ్గర అప్పులవాళ్లు కాచుకుని ఉంటే, తోటి గుమాస్తాలు వెనక గోడ దూకి పోవడం ఆయన చూశారట. చేబదులు పుచ్చుకున్న మనిషి తలెత్తి నడవలేడని ఇంట్లో రోజూ పాఠం. ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టింది. పక్కింట్లో కాఫీ పొడి కూడా అడిగి తెచ్చుకునేదాన్ని కాదు.

అందుకని స్టాఫ్‌రూంలో చీటీ ఉందని తెలియగానే చేరిపోయాను. చీటీ అప్పు కాదు గదా, మన డబ్బే మనం తీసుకుంటాం. మా బడి సీతాఫల్‌మండి దగ్గర. చీటీ నడిపేది సోషల్ సార్. ఆయన ఇల్లు గోల్నాకలో. వయసులో నాకంటే పెద్ద, సర్వీసులో నాకంటే చాలా చాలా పెద్ద. ఎప్పుడూ తెల్ల చొక్కా, చేతిలో చాయ్ ఫ్లాస్కు. పదిమందిమి, నెలకు తలా అయిదు వేలు, మొత్తం యాభై వేలు. అయిదో తారీఖు మధ్యాహ్నం ఇంటర్వెల్లులో పాట. ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చీటీ వాళ్లది. వాళ్లు వదులుకున్న సొమ్ము పదిమందికీ సమానంగా పంచి, ఎవరి కిస్తీలోంచి వాళ్లకు తగ్గిస్తారు. సోషల్ సార్ కమీషన్ తీసుకునేవాడు కాదు. తనెప్పుడూ పాడేవాడు కూడా కాదు. చివరి నెల పాట ఉండదు కాబట్టి నిండు చీటీ తనకు. చీటీ నడిపేవాళ్లకు అది రివాజు.

మా స్టాఫ్‌రూంలో ఇంకో రివాజు ఉండేది. ఎవరికైనా పెళ్లో, ఆసుపత్రో, ఫీజో ఉంటే ముందే చెప్పేవాళ్లు. అప్పుడు పేరుకు ఒకటి రెండు పాటలు పాడి మిగిలినవాళ్లు ఊరుకునేవాళ్లు. నాలుగైదు వేలు వదులుకుంటే చీటీ చేతికొచ్చేది. ఎవరూ ఎక్కడా రాయని నియమం ఇది. కానీ మా బడిలో అటెండెన్సు కంటే దీన్నే గట్టిగా పాటించేవాళ్లం.

మా అమ్మాయి రెండో ఏడాది ఫీజు ముప్పై రెండు వేలు. అక్టోబరులో కట్టాలి. అక్టోబరు చీటీ నాదేనని జూలైలోనే అందరికీ చెప్పి పెట్టాను. ముప్పై రెండు ఫీజుకు పోయినా పన్నెండు పదమూడు వేలు ఇంటికి మిగులుతాయని నా లెక్క.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, టీచర్లూ బడులకు తాళాలేసి బయటికొచ్చారు. పనిచెయ్యకపోతే జీతం లేదని సర్కారు చెప్పేసింది.

మా పెద్దమేడం, అంటే హెడ్మిస్ట్రెస్, కోస్తా మనిషి. నెమ్మదస్తురాలు. సమ్మె మొదలయ్యే ముందురోజు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"చూడమ్మా, నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు. పైగా మీది ఆ వైపు. నువ్వు వచ్చి సంతకం పెట్టి వెళ్లినా ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. రిజిస్టర్ నా బల్ల మీదే ఉంటుంది" అంది.

మంచికే చెప్పింది. నిజానికి నాకు ఆ ఉద్యమం గురించి గట్టి అభిప్రాయం ఏమీ లేదు. మా ఇంట్లో "మన ఊరు" అని పిలిచే ఊరును నేను రెండుసార్లు చూశాను. నేను పుట్టింది ఈ క్యాంపస్‌లో, చదివింది ఇక్కడ, నా స్నేహితురాళ్లంతా బతుకమ్మ ఆడుకున్నవాళ్లే. అలాగని నినాదమివ్వాలంటే నోరు పెగిలేది కాదు. సంతకం పెడదామనే మర్నాడు బయల్దేరాను. గేటు ముందు టెంటు వేసుకుని చీటీలోని మిగతా తొమ్మిదిమందీ కూర్చున్నారు. హిందీ మేడం పక్కకు జరిగి చాపమీద చోటిచ్చింది. సోషల్ సార్ ఫ్లాస్కు మూత తీసి చాయ్ పోశాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. చాయ్ తాగుతూ కూర్చుంటే పదయింది, పదకొండయింది. ఇంక లోపలికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? అలా నేను సమ్మెలో ఉన్నాను. దీన్ని త్యాగమని ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకటో తారీఖు వచ్చింది, జీతం రాలేదు. మావారి దుకాణం షట్టర్ పూర్తిగా కిందికి దిగింది. మా అమ్మాయి కాలేజీ కూడా బందే. ఫీజు కౌంటర్‌కు మాత్రం బంద్ లేదు. పండగ వెళ్లిన వారంలోగా కట్టకపోతే పేరు తీసేస్తామని ఫోనుకు మెసేజ్ పంపారు.

మా అమ్మాయి ఆ మెసేజ్ నాకు చూపించి, "పోనీలే అమ్మా, ఈ ఏడాదికి ఆగుతాను. ట్యూషన్లు చెప్పుకుంటా. వచ్చే ఏడు కట్టుకుందాం" అంది, చాలా మామూలుగా.

నాకు కష్టమనిపించింది. అది అన్న మాటకు కాదు, అంత తేలిగ్గా అన్నందుకు. ఆగడం అలవాటు చేసింది నేనే కదా. నా ఏళ్లు కోర్టులో పోయాయి. దాని ఏడాది ఒక్కటి కూడా పోనివ్వనని నాలో నేనే అనుకున్నాను. అయిదో తారీఖున చీటీ ఉంది, ఇంకెందుకు భయం.

ఆ అయిదో తారీఖున తార్నాకలో వంటా వార్పు పెట్టారు. తెలియనివాళ్లకు చెబుతాను. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించుకుని తినడం. అదే నిరసన. పొయ్యి ఆరేదాకా ఏ వాహనమూ కదలదు. క్యాంపస్ నుంచి పిల్లలు డప్పులతో వచ్చారు. మైకులో ఒకాయన మాట్లాడుతూనే ఉన్నాడు. పెద్ద గంజుల్లో పప్పు ఉడుకుతోంది. మా పీఈటీ సారు చొక్కా చేతులు మడిచి, పొడుగాటి గరిటెతో బగారన్నం కలుపుతున్నాడు. బడిలో ఆయన్ని అంత బాధ్యతగా పనిచెయ్యగా నేనెప్పుడూ చూడలేదు. నాకూ హిందీ మేడానికీ టమాటాలు తరిగే పని పడింది.

"సార్, మరి పాట?" అని అడిగాను.

"గీడనే. బడి తాళం ఉన్నది గదా. అయిదో తారీఖు తప్పొద్దు" అన్నాడు సోషల్ సార్.

పదిమందిమి టమాటాల గంపల చుట్టూ చేరాం. మైకు హోరులో గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. చుట్టుపక్కల వాళ్లు మాది కూడా ఏదో నినాదమే అనుకుని ఉంటారు.

"ఎవరు పాడ్తరు?" అన్నాడు.

"అయిదు వేలు" అన్నాను. అన్న తర్వాత ఇంకో టమాటా చేతిలోకి తీసుకున్నాను. నా దృష్టిలో పాట అయిపోయినట్టే.

"ఏడు."

అది సోషల్ సార్ గొంతే. నేను పొరబడ్డాననుకున్నాను. ఎన్నడూ పాడని మనిషి. పీఈటీ సారు గరిటె ఆపాడు.

"ఎనిమిది" అన్నాను.

"పది."

జీతాల్లేని నెల, అందరికీ అవసరమే, కాదనను. కానీ జూలై నుంచీ చెబుతున్నాను. మా అమ్మాయి ఫీజు ఎంతో కూడా ముందురోజే అడిగి తెలుసుకున్నాడు. తెలిసి మరీ పాడుతున్నాడు! తల ఎత్తితే ఏమంటానో నాకే తెలియదు. కత్తిపీట వైపే చూస్తూ "పదకొండు" అన్నాను.

"పదమూడు" అని, కాస్త ఆగి, తగ్గు గొంతుతో, "మేడం, ఆగుండ్రి" అన్నాడు.

అంతే. ఆ మాట వినకపోయి ఉంటే ఏమయ్యేదో గానీ, విన్నాను. ఎన్నాళ్ల మాట అది! ఎంతమంది గుమాస్తాలు, ఎంతమంది వకీళ్లు అన్న మాట! ఇప్పుడు టమాటాల గంప దగ్గర కూడానా?

"పద్నాలుగు!" అన్నాను. మైకు మీద నుంచి కూడా వినపడి ఉంటుంది.

"పదిహేను."

"పదహారు."

"పదిహేడు" అన్నాడు. గొంతులో బతిమాలుతున్నట్టు ఏదో ఉంది. నాకు అది వెటకారంగా తోచింది.

"పద్దెనిమిది" అన్నాను.

యాభైలో పద్దెనిమిది పోతే ముప్పై రెండు. సరిగ్గా ఫీజు. పర్సులో ఉన్న కాస్తా నా కిస్తీకే సరి. ఇంకొక్క వెయ్యి పాడితే ఫీజుకే తక్కువ. లెక్కల టీచర్ని కదా, అంచు మీద నిలబడ్డానని తెలుస్తూనే ఉంది. ఆయన ఇంకో మాట అంటే ఏం చేద్దునో తెలియదు. ఆయన అనలేదు. కాసేపటికి "పద్దెనిమిది, ఒకటోసారి" అన్న గొంతు వినపడింది.

చీటీ నాకే వచ్చింది. అందరి కిస్తీ అయిదు వేల నుంచి మూడు వేల రెండొందలకు దిగింది. హిందీ మేడం చేతులు తుడుచుకుని, పర్సులోంచి మడతలు పెట్టిన నోట్లు తీసి ఇచ్చి, "బతికిపోయినం" అని పక్కావిడతో అనడం నా చెవిన పడింది. నాకు మరింత మంట పుట్టింది. పీఈటీ సారు అన్నం దించుతూ, "ఏంది మేడం, మా సమ్మెకు జీతం మీరే ఇచ్చిన్రు గదా! ఆంధ్రా మేడం జిందాబాద్!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏడవలేక. ఆ రోజు పప్పు చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నాకు రుచి తెలియలేదు.

మర్నాడు పండగ. అది వెళ్లగానే మావారి స్కూటర్ మీద వెళ్లి ఫీజు కట్టేశాం. మా అమ్మాయి పేరు నిలబడింది. ఇంటి అద్దెకు మాత్రం చేతిలో పైసా లేదు. ఇంటిగలావిడ దగ్గరికి వెళ్లి నెలరోజులు గడువు అడిగాను. అడుగుతున్నంతసేపూ ఆమె గుమ్మానికి కట్టిన మామిడాకులు చూస్తూ నిలబడ్డాను. మా నాన్న పోయి అప్పటికి చాలా కాలమయింది గానీ, ఆయన వింటున్నారనే అనిపించింది. ఆ సిగ్గుకు కూడా సోషల్ సారే కారణమని ఆయన ఖాతాలో వేశాను.

సమ్మె ముగిసింది, బడి తెరిచారు. కొన్నాళ్లకు ఆగిన జీతం కూడా వచ్చింది. నేను సోషల్ సార్‌తో అవసరమైతేనే మాట్లాడేదాన్ని. ఆయన ఫ్లాస్కులో చాయ్ తాగడం మానేశాను. ఇంటి నుంచి నా ఫ్లాస్కు నేను తెచ్చుకున్నాను. ఆయన రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయాడు, నేను కాపీలు దిద్దే పనిలో పడ్డాను. చివరి నెల నిండు చీటీ, యాభైకి యాభై, ఆయన తీసుకుంటుంటే చూశాను. నాకు ముప్పై రెండు, ఈయనకు యాభై అనుకున్నాను. అయినా మళ్లీ చీటీ మొదలుపెడితే మళ్లీ చేరాను. దాచుకోవడానికి నాకు వేరే దారి తెలియదు మరి. కోపం కోపమే, కిస్తీ కిస్తీయే.

అలా మూడేళ్లు గడిచాయి. రాష్ట్రం వచ్చింది. మా అమ్మాయి చదువు పూర్తిచేసి మందుల కంపెనీలో చేరింది. ఆ మరుసటి ఏడు సోషల్ సార్ రిటైరయ్యాడు. శాలువాలు, దండలు, ఫోటోలు అన్నీ అయ్యాక స్టాఫ్‌రూంలో కొందరమే మిగిలాం. ఆయన తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"మేడం, చీటీ ఇగ మీరు పట్టుండ్రి. లెక్క తప్పని మనిషి మీరొక్కరే" అన్నాడు.

నాకు ఆపుకోవడం చేతకాలేదు. "పట్టుకుంటాను సార్. కానీ ఒకటి చెప్పండి. ఆరోజు వంటా వార్పులో నామీద ఎందుకు పాడారు? మా అమ్మాయి ఫీజని తెలుసు కదా మీకు" అన్నాను.

ఆయన ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాడు. హిందీ మేడమే అందుకుంది.

"అది మా వల్ల మేడం. అంతకు ముందురోజు నేను, ఇంకో ఇద్దరు సార్ దగ్గరికి పోయినం. అయిదు వేలు మాతోని కాదు, మూడున్నర, నాలుగు దాకనైతే ఎట్లనో కడ్తమన్నం. కాదంటే చీటీ బందు పెట్టమన్నం."

"బందు పెడ్తే మీ ఫీజు ఎట్లయితది?" అన్నాడు సోషల్ సార్. "కిస్తీ తగ్గాల్నంటే పాట పెరగాలె. మీరు అయిదుకే ఎత్తుకుంటే వీళ్లు కట్టలేరు, చీటీ మునుగుతది. అందుకే నేనే తీస్కుందామనుకున్న. పది, పదిహేను వేలు పోతే నాకు పోతయి. వచ్చినదాంట్ల మీ ఫీజు చేబదులుగ మీకిద్దామని."

"నష్టం మీరు పడి?" అన్నాను.

"నా పిల్లల సదువులు అప్పటికే అయిపోయినయి మేడం. నాకేం ఖర్చున్నది?"

"ఆ మాట ముందే నాతో చెబితే ఏం పోయేది సార్?"

"చెప్తే మీరు తీస్కుంటరా? చేబదులంటే మీకు పడదని బడంత ఎరికె. పైసలు చేతికొచ్చినంక బతిమాలుదామనుకున్న" అన్నాడు. తర్వాత నవ్వి, "పదమూడు కాడ మీరు ఆగుతరనుకున్న. ఆగుండ్రి అని గూడ అంటి. మీరు ఆగలే. పద్దెనిమిది అన్నంక ఇగ నేనే ఆగిన. అంతకు మించితే బిడ్డ ఫీజుకు తక్కువైతది గదా" అన్నాడు.

నేను లేచి వెళ్లి గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన ఫ్లాస్కులోంచి చాయ్ పోశాడు. నాలుగేళ్ల తర్వాత తాగిన ఆ చాయ్‌లో చక్కెర మరీ ఎక్కువగా ఉంది. ఎప్పుడూ అంతే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా చీటీ నేనే నడిపాను. ఒక్క కిస్తీ తేడా రాలేదు. దాచుకోవడం గురించి మీరు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఇదే. ముందు దాచండి, తర్వాత ఖర్చుపెట్టండి, పిల్లల ఫీజుకు మూడు నెలల ముందే చూసుకోండి, ఇవన్నీ మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఎవరైనా మీకు పోటీగా పాడుతూ, మధ్యలో ఆగమంటే, ఒక్కసారి తలెత్తి వాళ్ల ముఖం చూడండి. ఆ రోజు నేను టమాటాలు చూస్తూ పాడాను.